ఆ పార్టీకి ఓటు వేసినవాడు మంచివాడు ఎలా అవుతాడు?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, పొరపాటుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. అతను అనంతపురంలో ఇంజినీరింగ్ నాటి స్నేహితుడు. బెంగళూరు మారతహళ్లిలో ఇద్దరూ ఆరేళ్లు ఒకే గదిలో ఉన్నారు. మీకు ఉద్యోగం పోయినప్పుడు మూడు నెలల అద్దె అతనే కట్టాడు. 2019 ఏప్రిల్‌లో ఓటు వేయడానికి ఇద్దరూ ఒకే కారులో ఊరికి వెళ్లారు. 2024 జూన్ 4న ఆంధ్రప్రదేశ్ ఫలితాలు వచ్చిన రాత్రి వాట్సాప్ గ్రూపులో మాటా మాటా పెరిగింది, అతను గ్రూపు వదిలి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి మీ మధ్య మాటల్లేవు. ఇప్పుడు వాళ్ల నాన్నగారికి బెంగళూరులోనే గుండె ఆపరేషన్ అని మరొకరి ద్వారా తెలిసింది. వెళ్లాలా వద్దా అని చివర్లో అడిగారు. కానీ మీ అసలు ప్రశ్న అంతకు ముందే ఉంది: "ఆ పార్టీకి ఓటు వేసినవాడు మంచివాడు ఎలా అవుతాడు? వాళ్లకు మనస్సాక్షి లేదని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది."

పార్టీ పేరు మీరు రాయలేదు. అదే మంచిదయింది, ఎందుకంటే ఈ మాట నేను రెండు వైపుల నుంచీ విన్నాను. 2019 మే చివర్లో ఒక పక్షంవాళ్లు అడిగారు, 2024 జూన్‌లో రెండో పక్షంవాళ్లు అడిగారు. పదాలు కూడా పెద్దగా మారలేదు. నేను బెంగళూరులో 28 ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం చెప్పాను. వైట్‌ఫీల్డ్ వైపు మేముండే అపార్ట్‌మెంటు సంఘానికి ఆరేళ్లు కార్యదర్శిగా ఉన్నాను. పుస్తకాల్లో చదివినదీ, మెట్ల దగ్గర నిలబడి చూసినదీ కలిపి చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. 2019లో తెలుగుదేశానికి 175 స్థానాల్లో 23 వచ్చాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 వచ్చాయి. సీట్లు చూస్తే రెండుసార్లూ ఓడినవాళ్లు తుడిచిపెట్టుకుపోయారనిపిస్తుంది. ఓట్లు చూస్తే 2019లో ఓడిన తెలుగుదేశానికి పడినవి సుమారు 39 శాతం, 2024లో ఓడిన వైఎస్సార్ కాంగ్రెస్‌కు పడినవీ సుమారు 39 శాతమే. ఎవరు ఓడినా వందకు 39 మంది వాళ్ల వెంట నిలబడ్డారు. మీ ఊళ్లో పాలు పోసే ఆవిడ, మీకు లెక్కలు నేర్పిన మాస్టారు, మీ పెదనాన్నల్లోనో మేనమామల్లోనో ఒకరు ఆ లెక్కలో తప్పకుండా ఉంటారు. మనస్సాక్షి లేదని మీరు అన్నది ఒక స్నేహితుడి గురించి కాదు, కోటిమందికి పైగా మనుషుల గురించి.

ఇంకో సంగతి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు 50 శాతం ఓట్లు పడ్డాయి, 2024కు అవి 39కి దిగాయి. అంటే స్థూలంగా వందకు పదిమంది అయిదేళ్లలో మనసు మార్చుకున్నారు. వాళ్లకు 2019లో లేని మనస్సాక్షి 2024లో మొలిచిందా? లేక ఉన్నది పోయిందా? మీ వాదన నిజమైతే ఈ రెంటిలో ఒకటి జరిగి ఉండాలి. నాకు తెలిసిన అలాంటివాళ్లలో ఒకరు భూమి పాసుపుస్తకం వ్యవహారం చూసి మారారు, ఒకరు ఊళ్లోని చోటా నాయకుడి దాష్టీకం చూసి మారారు, ఒకావిడ కొడుకుకు ఉద్యోగం రాలేదని మారారు. ముగ్గురూ అంతకు ముందు ఎలాంటి మనుషులో తరువాతా అలాంటి మనుషులే. ఓటింగ్ యంత్రం మీద ఉండేవి పేర్లూ ఫొటోలూ గుర్తులూ మాత్రమే. "ఆ పథకం నచ్చింది, ఈ అరెస్టు నచ్చలేదు, మా శాసనసభ్యుడు ఫోను ఎత్తుతాడు, పైనున్న నాయకుడి మాటతీరు మాత్రం భరించలేను" అని రాయడానికి అక్కడ చోటు లేదు. అన్నీ కలిపి ఒక బటన్ నొక్కి వస్తాం. ఆ బటన్‌ను బట్టి మనిషి లోపలికి వెళ్లి చూడడం నా 28 ఏళ్ల చదువుకు కూడా సాధ్యం కాదు.

నాయకుల సంగతి ఒకసారి గుర్తు చేసుకోండి. 2014, 2019 మధ్య వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన 23 మంది శాసనసభ్యులు తెలుగుదేశంలో చేరారు. 2019 జూన్‌లో నలుగురు తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు బీజేపీలో చేరారు. 2014లో కలిసి పోటీ చేసిన తెలుగుదేశం, బీజేపీ 2018లో విడిపోయాయి, 2024లో మళ్లీ కలిశాయి. 1982లో కాంగ్రెస్‌కు వ్యతిరేకంగా పుట్టిన తెలుగుదేశం 2018 తెలంగాణ ఎన్నికల్లో అదే కాంగ్రెస్‌తో కలిసి నడిచింది. పొత్తులు పెట్టుకోవడం తప్పని నేను అనడం లేదు, రాజకీయాల్లో అది మామూలే. కానీ 2019లో ఈ పార్టీల కోసం తెగిపోయిన స్నేహాలు నాకు తెలుసు. 2024లో నాయకులు ఒకే వేదిక మీద చేతులు కలిపారు. తెగిన స్నేహితులు మాత్రం ఈనాటికీ ఒకరింటి శుభకార్యానికి మరొకరు వెళ్లడం లేదు.

2024 మే మొదటి ఆదివారం, పోలింగుకు వారం ముందు, మా సంఘం గదిలో ఒక చిన్న ప్రయత్నం చేశాను. రెండు పక్షాల మ్యానిఫెస్టోలూ అప్పటికి వచ్చాయి. పార్టీ పేర్లు, పథకాల పేర్లు తీసేసి హామీలను చీటీల మీద రాశాను. బడికి పిల్లల్ని పంపే తల్లికి ఏటా 17,000 రూపాయలు. చదువుకునే ప్రతి బిడ్డకూ ఏటా 15,000. పింఛను 3,500కు పెంపు. పింఛను 4,000కు పెంపు. రైతుకు ఏటా 16,000. రైతుకు ఏటా 20,000. ఆరోజు పద్నాలుగు మంది తెలుగువాళ్లు వచ్చారు. నచ్చిన చీటీలు కుడివైపు, నచ్చనివి ఎడమవైపు పెట్టమన్నాను. ఇద్దరు ముగ్గురికి అంకెలు నోటికి వచ్చు కాబట్టి ఏది ఎవరిదో చెప్పేశారు. మిగిలినవాళ్ల కుప్పల్లో రెండు పార్టీలవీ కలిసిపోయాయి. ఒక పెద్దమనిషి ఒక చీటీని "దుబారా" అని ఎడమవైపు తోశారు. అది తన పార్టీదే అని చెప్పాను. ఆయన చీటీని మళ్లీ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "మావాళ్లు అర్హులను చూసి ఇస్తారు, అదీ తేడా" అంటూ కుడివైపు పెట్టారు. ఆయన అబద్ధం చెప్పలేదు. పేరు వినగానే ఆ చీటీ ఆయన కళ్లకు నిజంగానే వేరుగా కనిపించింది.

అమెరికాలో జెఫ్రీ కోహెన్ అనే పరిశోధకుడు 2003లో ప్రచురించిన పరిశోధనలో ఇదే తేలింది. ఒకే సంక్షేమ విధానాన్ని "మీ పార్టీవాళ్లు బలపరుస్తున్నారు" అని చెబితే విద్యార్థులు మెచ్చుకున్నారు, "అవతలివాళ్లు బలపరుస్తున్నారు" అంటే తోసిపుచ్చారు. ఎందుకు అని అడిగితే మాత్రం విధానంలోని అంశాలను చూసే నిర్ణయించుకున్నామన్నారు. పార్టీ పేరు తమను కదిలించిందని వాళ్లకే తెలియలేదు. మీరు మీ స్నేహితుడి గురించి "అతను గుడ్డిగా నమ్ముతాడు" అని రాశారు. అతను మీ గురించి అదే అనుకుంటూ ఉంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉండవచ్చు.

నా విషయం కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ సమాధానం నిజాయితీగా ఉండదు. 2019లో ఒక విద్యార్థి మౌఖిక పరీక్షకు వచ్చాడు. ఫోను బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. తెర వెలిగినప్పుడు ఒక నాయకుడి బొమ్మ కనిపించింది, నాకు అప్పట్లో బొత్తిగా గిట్టని నాయకుడు. నేను ఆ అబ్బాయికి వరుసగా నాలుగు ప్రశ్నలు వేశాను. అతనికి ముందు వచ్చిన అమ్మాయికి వేసినవి రెండు. నాలుగో ప్రశ్న పూర్తవుతుండగా నేను చేస్తున్నది నాకు అర్థమైంది. అతను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, చెమట పట్టిన ముఖంతో, జవాబు తెలిసి కూడా తడబడుతున్నాడు. మార్కుల్లో తేడా రాకుండా సరిచేశాను కానీ ఆ తడబాటును సరిచేయలేకపోయాను. 2015లో శాంతో అయ్యంగార్, షాన్ వెస్ట్‌వుడ్ అనే ఇద్దరు ప్రచురించిన పరిశోధనను నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. ఇద్దరు విద్యార్థుల వివరాలిచ్చి ఒకరికి ఉపకారవేతనం ఇవ్వమంటే, అమెరికాలో పార్టీ అభిమానులు పదిమందిలో ఎనిమిదిమంది దాకా తమ పార్టీ విద్యార్థినే ఎంచుకున్నారు. అవతలి విద్యార్థికి మార్కులు ఎక్కువ ఉన్నప్పుడు కూడా చాలామంది మొగ్గు మారలేదు. ఆ పాఠం చెప్పిన నేనే బల్లకు ఇవతల కూర్చుని ఆ పని చేశాను.

ఇక మన దగ్గర ఈ జబ్బుకు ఇంకో పొర ఉంది, దాన్ని దాచి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. తెలుగువాళ్లం బెంగళూరులో కొత్తగా కలిసినప్పుడు ముందు ఊరు అడుగుతాం, తరువాత ఇంటిపేరు. ఆ రెండూ తెలియగానే కులం ఇదని, కాబట్టి పార్టీ ఇదని మనసులో రాసేసుకుంటాం. ఎదుటివాడు నోరు విప్పకముందే అతని ఓటు మన దగ్గర నమోదైపోతుంది. ఏ కులంలోనూ అందరూ ఒకే పార్టీకి ఓటు వేయరు, ఒకే ఇంట్లో అన్నదమ్ములే వేరువేరు జెండాలు పట్టిన ఊళ్లు మనకు ఎన్నో తెలుసు. ఊరికి ఊరే "ఆ పార్టీ ఊరు" అని ముద్ర పడడానికి లెక్కింపు పద్ధతి కూడా కొంత కారణం. బ్యాలెట్ పత్రాల రోజుల్లో వేర్వేరు పోలింగ్ కేంద్రాల పత్రాలను కలిపి లెక్కించే వీలుండేది. యంత్రాలు వచ్చాక ఏ కేంద్రంలో ఎవరికెన్ని పడ్డాయో విడిగా తెలిసిపోతోంది. కొన్ని యంత్రాలను జతచేసి మొత్తం మాత్రమే చూపించే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, 2015లో న్యాయ కమిషన్ తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. అది వచ్చి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ ప్రకారం ఎవరికి ఓటు వేశావో చెప్పమని ఏ మనిషినీ నిర్బంధించకూడదు. చట్టం అంత జాగ్రత్తగా కాపాడిన రహస్యాన్ని మనం ఇంటిపేరు అడిగి తెలుసుకున్నామనుకుంటున్నాం.

మాటలు ఆగిపోయినవాళ్లు మళ్లీ ఎలా కలుస్తారు అన్నదానికి నేను స్వయంగా చూసినది చెబుతాను. మా అపార్ట్‌మెంటులో ఒక నెల్లూరు ఆయన, ఒక ఏలూరు ఆయన ఉన్నారు. 2019 ఫలితాల నాటి నుంచి వాళ్లకు మాటల్లేవు. ఒకరు లిఫ్టులో ఉంటే రెండో ఆయన మెట్లెక్కి వెళ్లేవారు, నాలుగో అంతస్తు దాకా. ఉగాదికి పిలిచి పక్కపక్కనే విస్తరి వేసి చూశాను, లాభం లేకపోయింది. నిజానికి అది నాకు ముందే తెలిసి ఉండాలి. 1954లో అమెరికాలోని ఓక్లహామాలో ముజఫర్ షెరీఫ్ అనే ఆయన 22 మంది మగపిల్లల్ని శిబిరానికి తీసుకువెళ్లి, రెండు జట్లు చేసి, వాళ్ల మధ్య పోటీలు పెట్టి వైరం పెరిగేలా చేశాడు. తరువాత కలుపుదామని ఒకే చోట భోజనాలు పెడితే తిండి విసురుకున్నారు. శిబిరానికి నీళ్లు రావడం ఆగిపోయినప్పుడు, తప్పు ఎక్కడుందో రెండు జట్లూ కలిసి వెతకవలసి వచ్చినప్పుడు మెత్తబడడం మొదలైంది. ఆ ఇబ్బందిని షెరీఫే కల్పించాడు. మాకు 2024 మార్చిలో బెంగళూరు వేసవి తెచ్చిపెట్టింది.

మా బోర్లు రెండూ ఎండిపోయాయి. రోజూ ట్యాంకర్లు తెప్పించాలి. 12,000 లీటర్ల ట్యాంకరుకు అయిదు కిలోమీటర్లలోపు 1,000 రూపాయలని ప్రభుత్వం ఆ నెలలో ధర కట్టింది, అయినా ఆ ధరకు నీళ్లు దొరకడం గగనమైంది. పైగా వచ్చే నీళ్లు కూడా నిండుగా రావడం లేదన్న అనుమానం. తెల్లవారకముందే లేచి ట్యాంకరు కొలవడానికి మనుషులు కావాలి. సంఘంలో అయిదింటికే లేచేవాళ్లు ఈ ఇద్దరే. వాళ్లకు అప్పగించాను, ఇద్దరూ నా ముఖం చూసి ఊరుకున్నారు. మొదటి వారం నెల్లూరు ఆయన కొలకర్ర లోపలికి దించేవారు, ఏలూరు ఆయన ఫోను వెలుతురు పట్టి తడి ఎంతవరకు వచ్చిందో చూసి పుస్తకంలో రాసేవారు. మాటలన్నీ అంకెలే. ఒకరోజు తడి గుర్తుకు జానెడు కిందే ఆగింది. డ్రైవరు దబాయించాడు. "ఆయన రాసింది తప్పని ఎలా అంటావు?" అని నెల్లూరు ఆయన అతని మీదికి వెళ్లారు. అయిదేళ్లలో ఏలూరు ఆయన పక్షాన ఆయన అన్న మొదటి మాట అది. మే 13న ఇద్దరూ ఎవరి ఊరికి వాళ్లు వెళ్లి, ఎవరి ఓటు వాళ్లు వేసి వచ్చారు. జూన్ 2న బెంగళూరులో కుండపోతగా వాన పడింది కానీ మా బోర్లు వెంటనే తేరుకోలేదు. ఫలితాల మర్నాడు, జూన్ 5 తెల్లవారుజామున, ట్యాంకరు చప్పుడు విని నేను కిటికీలోంచి చూశాను. ఇద్దరూ కిందికి వచ్చారు. ఒకరు కర్ర, ఒకరు పుస్తకం. ఫలితాల మాట ఎత్తలేదని తరువాత కాపలా అతను చెప్పాడు. వాళ్ల రాజకీయాలు ఇప్పటికీ మారలేదు. లిఫ్టులో మాత్రం కలిసే వస్తారు.

మనుషులను అసలు కొలవకూడదని నేను చెప్పడం లేదు. ఎవరైనా అవతలి నాయకుడి ఇంటి ఆడవాళ్ల మీద నీచమైన రాతలు రాస్తే, ఊళ్లో ఓటు వేయలేదన్న కోపంతో ఒకరి పింఛనుకు అడ్డుపడితే, ఇంటి మీద రాయి వేస్తే, అది అతని చేత, దానికి అతను జవాబు చెప్పాలి. అలాంటివాడు నా బంధువైనా నేను దూరం పెడతాను. కానీ మీ ఉత్తరంలో మీ స్నేహితుడు చేసిన అలాంటి పని ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. అతను ఓటు వేశాడు, తన పార్టీని వెనకేసుకొచ్చాడు, చివరికి గ్రూపు వదిలి వెళ్లాడు. ఆ రాత్రి సందేశాలు మీ ఫోనులో ఇంకా ఉంటే ఒకసారి మొదటి నుంచి చదవండి, మీ పక్షంవాళ్లు అతన్ని అన్న మాటలతో సహా. అరవై మంది ఉన్న గ్రూపులో ఆ పార్టీ తరఫున మాట్లాడినవాళ్లు ఇద్దరే అని మీరే రాశారు. "సిగ్గు లేనివాళ్లు" అన్న మాట ఎవరో అన్నప్పుడు మీరు ఆపారా, లేక చప్పట్ల బొమ్మ పెట్టారా? నేను నిలదీయడానికి అడగడం లేదు. అతను దేనికి నొచ్చుకుని వెళ్లాడో తెలియకుండా అతని ముందు నిలబడడం కష్టం.

2019లో మీరిద్దరూ బాగేపల్లి టోల్ దగ్గర రద్దీలో గంట సేపు ఇరుక్కుని, "మన ఓట్లు రెండూ ఒకదానికొకటి చెల్లు, ఇంట్లో పడుకున్నా ఫలితం ఇదే" అని నవ్వుకున్నారని రాశారు. అప్పుడు కూడా అతని ఓటు అదే. అది తెలిసే మీరు అతనితో పెట్రోలు ఖర్చు పంచుకున్నారు. మూడు నెలల అద్దె కట్టిన చెయ్యే ఆ బటన్ నొక్కింది. అద్దె కట్టడం మీరు కళ్లారా చూసినది, మనస్సాక్షి లేకపోవడం మీరు ఊహించినది. నేనైతే చూసినదాన్నే పట్టుకుంటాను.

ఆసుపత్రికి వెళ్లండి. ముందుగా ఫోను చేసి అనుమతి అడగవద్దు, అతను మొహమాటానికి వద్దంటాడు, మీరు దాన్నే సాకుగా తీసుకుంటారు. ఆపరేషన్ జరిగే రోజు ఉదయం వెళ్లండి, ఆ గంటల్లోనే బయట కూర్చునే మనిషి అవసరం ఎక్కువ. రక్తం ఇచ్చేవాళ్లను వెతుక్కోమని సాధారణంగా ముందే చెబుతారు, మీరు ఇవ్వగలిగితే ఆ మాట కౌంటరు దగ్గర చెప్పండి, అతనితో చెప్పనక్కర్లేదు. మందుల చీటీ పట్టుకుని ఎవరో ఒకరు పదిసార్లు కిందికీ పైకీ తిరగాలి, ఆ పని మీరు తీసుకోండి. వాళ్ల అమ్మగారు మిమ్మల్ని గదిలో ఉన్న రోజుల నుంచి ఎరుగుదురు, ముందు ఆమె దగ్గరికి వెళ్లండి. గ్రూపు మాట అతనే ఎత్తితే, ఆ రాత్రి నేను ఆపి ఉండాల్సింది అని ఒక్క మాట చెప్పండి, అది నిజమైతేనే. ఎత్తకపోతే మీరూ ఎత్తవద్దు. పొద్దున్నే బయలుదేరేటప్పుడు ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెళ్లండి, ఆపరేషన్ గది బయట గంటలు గడిచేకొద్దీ అది పనికొస్తుంది.